మస్టరులో లేని సీజన్లు

మా నాన్న చక్కెర ఫ్యాక్టరీలో 26 సీజన్లు పనిచేశాడు. కాగితాల్లో 12 మాత్రమే ఉన్నాయి. తక్కిన 14 సీజన్లు ఎటుపోయాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఫ్యాక్టరీ పేరు రాయను. మీ జిల్లాలో మూతపడ్డ ఏ ఫ్యాక్టరీ పేరైనా అక్కడ పెట్టుకోండి. వరంగల్లు ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. సిర్పూరు కాగితం మిల్లు 2014లో ఆగిపోయి, చేతులు మారాక 2018లో గానీ మళ్లీ కదల్లేదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో ఆగింది. ఇవన్నీ పేపర్లలో వచ్చాయి. ఏ బ్యాంకుకి ఎంత పోయిందో కూడా వచ్చింది. ఆ గేట్ల వెనకున్న మాలపల్లెలకీ మాదిగపల్లెలకీ ఏం పోయిందో రాసినవాళ్లు తక్కువ. అందుకని మా పల్లె సంగతి నేను రాస్తున్నాను.

నేను పుట్టిన రెండేళ్లకి, 1990-91 సీజన్లో నాన్న ఫ్యాక్టరీలో చేరాడు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా క్రషింగు. ఆ నాలుగైదు నెలలూ మా పల్లెకి పొద్దు పొడవడం, కుంకడం అన్నీ ఫ్యాక్టరీ కూతతోనే. గాలి మారితే మడ్డి వాసన ఇళ్లలోకి వచ్చేది. ఊళ్లోవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం అది అన్నం వాసన.

నాన్న పని గంధకం పొయ్యి దగ్గర. చెరకు రసం మురిగ్గా ఉంటుంది. దాన్నుంచి తెల్ల చక్కెర తియ్యాలంటే సున్నం కలపాలి, గంధకం పొగ పట్టించాలి. ఆ పొగకి కళ్లు మండేవి, గొంతు పూడుకుపోయేది. నాన్న ఇంటికొచ్చి ముందు తడిగుడ్డ కళ్లమీద వేసుకుని కాసేపు పడుకునేవాడు. ఆ తర్వాతే మాతో మాట్లాడేవాడు. చక్కెర తెల్లగా ఉండేది. నాన్న కళ్లు మాత్రం ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఊళ్లో తాగుబోతని పేరు పెట్టారు. నాన్న చుక్క ముట్టడు.

ఫ్యాక్టరీలో ఎవరెక్కడ పనిచెయ్యాలో ఏ బోర్డు మీదా రాసిలేదు. అయినా ఆఫీసు, ల్యాబు, గోడౌను, పంచదార వండే ప్యాన్లు ఊళ్లోవాళ్లవి. బాయిలరు బూడిద, పిప్పి మోత, మురుగు కాలవ, గంధకం పొయ్యి పల్లెవాళ్లవి. ఇది మా ఒక్క ఫ్యాక్టరీ విషయం కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో నేత ఖాతాలోకి అంటరానివాళ్లని రానిచ్చేవాళ్లు కాదు. తెగిన దారాన్ని నోటితో తడిపి అతకాలి కాబట్టి. 1938లో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో అంబేద్కర్, కార్మికుడికి బ్రాహ్మణిజం, పెట్టుబడిదారీతనం రెండూ శత్రువులేనని చెప్పాడు. నేను డిగ్రీలో అది చదివినప్పుడు నాకు గంధకం పొయ్యి గుర్తొచ్చింది.

మొదటి 14 సీజన్లు నాన్న కాంట్రాక్టరు కింద పనిచేశాడు. అదే పొయ్యి, అదే మనిషి. మస్టరులో పేరు మాత్రం ఏడాదికొకటి. ఒక సీజన్లో మా చిన్నాన్న పేరు. ఒక సీజన్లో ఎవరిదో పక్కూరి వాడి పేరు. మా తాత పేరు మీద రెండు సీజన్లు నడిచాయి. అప్పటికి తాత చనిపోయి ఏడాది దాటింది. చచ్చినవాడి చేత కూడా రెండు సీజన్లు పని చేయించిన ఫ్యాక్టరీ అది. ఎందుకలా రాస్తారో నాన్నకి తెలీదు. వారం వారం కూలి చేతికొస్తే చాలనుకున్నాడు. ఒకే పేరు వరసగా ఉంటే పర్మనెంటు అడుగుతారని, ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ అడుగుతారని నాకు అర్థమయ్యేసరికి నేను బీఈడీ చదువుతున్నాను.

యూనియన్ గొడవ చేశాక 2004-05లో నాన్నని సీజనల్ పర్మనెంటు చేశారు. ఆ ఏడు నేను ఇంటర్‌లో ఉన్నాను. బోనసు డబ్బుతో నాన్న నాకు సైకిలు కొన్నాడు. మా పల్లెలో ఆడపిల్ల ఎక్కిన మొదటి సైకిలు అది. ఎస్సీ హాస్టలు, స్కాలర్‌షిప్పు, నాన్న కూలి, అమ్మ చెరకు నరికిన కూలి, ఈ నాలుగూ కలిస్తే నా డిగ్రీ. 2012 డీఎస్సీలో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. కాబట్టి ఫ్యాక్టరీ మీద నాకున్నది కోపమొక్కటే అని చెబితే అబద్ధం చెప్పినట్టే. అది మా నాన్న కళ్లు తీసుకుంది. నాకు చదువిచ్చింది.

2015-16 సీజను మధ్యలో జీతాలు ఆగిపోయాయి. "చక్కెర ధర లేదు, బ్యాంకు డబ్బివ్వడం లేదు, సీజను అయ్యాక అంతా ఒకేసారి" అన్నారు. నమ్మి పనిచేశారు. ఏప్రిల్లో ఫ్యాక్టరీ ఆగింది. మళ్లీ డిసెంబరు వచ్చింది. కూత వెయ్యలేదు. మా అమ్మ తెల్లారుజామున లేచి వాకిట్లో కూర్చుని, "ఇయ్యాల గూడా కుయ్యలేదు" అనేది. ఆ డిసెంబరంతా రోజూ అదే మాట.

కంపెనీ దివాలా తీసింది అంటారు. ఆ మాటలో కంపెనీ ఒక్కటే పడిపోయినట్టు ఉంటుంది. అది పడ్డప్పుడు కింద ఎవరెవరున్నారో ఒక్కొక్కళ్లనీ చెబుతాను.

ముందు సరుకు తోలినవాళ్లు. చెరకు తోలిన 14 రోజుల్లో రైతుకి డబ్బివ్వాలి, లేకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి అని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వులో ఉంది. ఆ హక్కు రైతుకి. రైతెవరు? మా మేనమామ కామందు దగ్గర రెండెకరాలు కౌలుకి తీసుకుని చెరకు వేశాడు. జడచుట్లు వేసింది ఆయన, నీళ్లు కట్టింది ఆయన, రాత్రిళ్లు పందులకి కాపలా కాసింది ఆయన. ఫ్యాక్టరీతో అగ్రిమెంటు, కటింగ్ పర్మిట్, కాటా చీటీ, బ్యాంకు ఖాతా, నాలుగూ కామందువి. ఆ సీజన్లో మామ తోలింది 70 టన్నులు. కేంద్రం కట్టిన ధర టన్నుకి 2,300. అంటే 1,61,000 రూపాయలు.

రైతులు రోడ్డు మీద బైఠాయించారు. మామ కూడా వెళ్లాడు. పోలీసులు తోసినప్పుడు మోచెయ్యి విరిగింది కూడా ఆయనకే. రెండేళ్లకి గోడౌనులో ఉన్న పంచదార జప్తుచేసి అమ్మి రైతుల బాకీలు కొంత చెల్లించారు. డబ్బు కామందు ఖాతాలో పడింది. ఆయన పాత కౌలు, ఎరువులు, వడ్డీ అన్నీ తీసేసి మామ చేతిలో 20,000 పెట్టాడు. "ఇదేందయ్యా" అంటే "చీటీ నీ పేరు మీదుందా?" అన్నాడు. కౌలుదారుకి గుర్తింపు కార్డిచ్చే చట్టం 2011లోనే వచ్చింది. ఆ కార్డు మా మామ చూడలేదు. 2019లో ఇంకో చట్టం వచ్చింది. దానికి భూమి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెట్టేవాడైతే ఈ గొడవే లేదు కదా.

మా అమ్మది 18 మంది నరుకుడు ముఠా. నరికిన కూలి రైతులివ్వాలి. "ఫ్యాక్టరీ డబ్బు పడనీ" అన్నారు. పడ్డాక కొందరిచ్చారు. కొందరు "ఎప్పటి సంగతే అది" అన్నారు. అమ్మావాళ్లు కంపెనీని అడగడానికి లేదు, కంపెనీ వాళ్లకి బాకీ లేదు కాబట్టి. రైతుని అడిగితే రేపు పొలంలో పని ఉండదు. దివాలా చట్టంలో ఎన్ని ఫారాలున్నాయో నేను తర్వాత లెక్కపెట్టాను. చెరకు నరికిన ఆడదానికి ఒక్కటీ లేదు.

మా చిన్నాన్న కొడుకు ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీ, బ్యాంకు అప్పు కలిపి ట్రాక్టరు కొన్నాడు. చెరకు తోలకం చేశాడు. రవాణా కాంట్రాక్టు వేరొకడిది, వాడి కింద తమ్ముడు. ఏడు నెలల కిరాయి మునిగింది. వాయిదాలు తప్పాడు. బ్యాంకువాళ్లు వచ్చి ట్రాక్టరు పట్టుకుపోయారు. ఫ్యాక్టరీకి అప్పిచ్చిన బ్యాంకుల్లో ఆ బ్యాంకు కూడా ఉంది. ఫ్యాక్టరీ బాకీలో ఎక్కువ భాగం వదులుకోవడానికి చివరికి అది ఒప్పుకుంది. బ్యాంకుల భాషలో దాన్ని హెయిర్‌కట్ అంటారు. మన భాషలో క్షవరం. కంపెనీ బ్యాంకుకి క్షవరం చేసింది. బ్యాంకు మా తమ్ముడికి గుండు కొట్టింది.

మా పెదనాన్న బాయిలరులో చేసి 2014లో రిటైరయ్యాడు. గ్రాట్యుటీకి ముందు తేదీలు వేసి మూడు చెక్కులిచ్చారు. ఒకటి పాసైంది. రెండు వెనక్కొచ్చాయి. ఆ చెక్కుల్ని ఆయన బైబిలు మధ్యలో దాచాడు. ఆయనకి నెల పింఛను 1,000. 2014 సెప్టెంబరులో కేంద్రం పీఎఫ్ పింఛనుకి పెట్టిన కనీసం అది. అది ప్రావిడెంట్ ఫండు వాళ్లిచ్చేది కాబట్టి ఆగలేదు. ఆగింది ఫ్యాక్టరీ డిస్పెన్సరీ. బీపీ మాత్రలు అక్కడే ఇచ్చేవాళ్లు. తర్వాత ఒకరోజు వేసుకుని ఒకరోజు మానేసేవాడు. 2018లో పక్షవాతం వచ్చింది. డాక్టరు బీపీ అన్నాడు. నేనైతే దివాలా అంటాను.

పనిలో ఉన్నవాళ్ల సంగతీ అంతే. చివరి 11 నెలలు జీతంలో పీఎఫ్ కోసి, కట్టనే లేదు. కాంట్రాక్టు కూలీలకి కొయ్యడమూ లేదు, కట్టడమూ లేదు. కాంట్రాక్టరు ఫోను మార్చేశాడు.

2018లో ఒకరోజు మా స్కూలు స్టాఫ్‌రూములో పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో సన్నక్షరాల ప్రకటన కనిపించింది. మా ఫ్యాక్టరీ పేరు. బ్యాంకు వేసిన కేసులో కంపెనీ లా ట్రిబ్యునల్ కంపెనీని దివాలా ప్రక్రియలోకి తీసుకుందని, బాకీలు రావాల్సినవాళ్లు రెండు వారాల్లో క్లెయిములు పంపాలని ఉంది. ప్రకటన తెలుగులోనే ఉంది. నాకు మూడుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. ఇక మా నాన్నకెట్లా అర్థమవుతుంది? గడువులో ఇంకా తొమ్మిది రోజులుంది. ఆలస్యమైనా 90 రోజుల దాకా తీసుకుంటారని అప్పటికి నాకు తెలీదు. భయపడ్డాను.

ఆ తొమ్మిది రోజులూ మా ఇంటి అరుగే ఆఫీసు. కార్మికుడికి ఫారం డి. సరుకు ఇచ్చినవాడికి ఫారం బి. స్కూలు నుంచొచ్చి రాత్రి పదకొండు దాకా రాసేదాన్ని. పల్లెవాళ్లు వచ్చారు. తర్వాత ఊళ్లోవాళ్లు కూడా వచ్చారు. పుట్టి బుద్ధెరిగాక మా పల్లెలోకి రాని మనుషులు, చేతిలో కాగితాలతో మా వాకిట్లో నిలబడ్డారు. కూర్చోమంటే కొందరు కూర్చున్నారు. కొందరు "పర్లేదమ్మా" అని నిలబడే రాయించుకున్నారు.

ఆరోరోజు టైం కీపరు వచ్చాడు. మా నాన్న పేరు బదులు చచ్చిపోయిన తాత పేరు రాసిన చెయ్యి ఆయనదే. మా అమ్మ నాన్నకి అన్నం తెచ్చినప్పుడు "ఏమే, గేటవతల ఉండు" అన్న నోరూ ఆయనదే. ఇప్పుడు "టీచరమ్మగారూ" అన్నాడు. ఆయనకీ ఏడాది జీతం రావాలి. కూతురి పెళ్లి ఆగిపోయింది.

నేను ఆయన ఫారం పక్కనపెట్టి నాన్న ఫారం తీశాను. "మా నాన్న 26 సీజన్లు చేశాడని మీకు తెలుసు. మొదటి 14 సీజన్లకీ రుజువు లేదు. మీరొక కాగితం రాసి సంతకం పెట్టండి" అన్నాను.

ఆయన చాలాసేపు నేల చూశాడు. "రాస్తే దొంగ మస్టరు రాశానని నేనే ఒప్పుకున్నట్టవుద్దమ్మా. నా క్లెయిము కూడా కొట్టేస్తారు" అన్నాడు.

నేను పెన్ను కింద పెట్టేశాను. ఆయన ఫారం రాయకూడదనుకున్నాను. నాన్న నులకమంచం మీద నుంచి దగ్గుతూ అన్నాడు: "రాసిపెట్టమ్మా. ఆడికీ కడుపుంది."

రాసిపెట్టాను. ఇష్టంగా రాయలేదు. ఇవాళ్టికీ అది మంచి పనో పిరికి పనో నాకు తేలలేదు. మన నాయకులు కార్మికులంతా ఒకటే అంటారు. ఆ రాత్రి మా అరుగు మీద ఇద్దరు కార్మికులున్నారు. ఇద్దరినీ ఒకే కంపెనీ ముంచింది. ఒకడు రెండోవాడి పేరు కొట్టేసినవాడు. ఈ సంగతి చెప్పకుండా ఒకటే అంటే నేను ఒప్పుకోను.

పోయిన కంపెనీని కొనేవాళ్లెవరూ రాలేదు. బాకీదార్ల కమిటీలో ఓట్లు బ్యాంకులవి. కార్మికుడికీ, చెరకు తోలినవాడికీ అందులో ఓటు లేదు. 2019లో అమ్మేసి పంచమని లిక్విడేషన్ ఆర్డరు వచ్చింది. పంచడానికి 2016 దివాలా చట్టం 53వ సెక్షనులో వరస ఉంది. నేను దాన్ని బోర్డు మీద లెక్క రాసినట్టు మా వాళ్లకి గోడమీద బొగ్గుతో రాసి చెప్పాను. మొదట ఈ ప్రక్రియకి అయిన ఖర్చులు. తర్వాత, తాకట్టు ఉన్న బ్యాంకులతో సమానంగా, కార్మికుల 24 నెలల బాకీ. తర్వాత మిగతా ఉద్యోగుల 12 నెలల జీతం. తర్వాత తాకట్టు లేని అప్పులు. తర్వాత ప్రభుత్వానికి రావాల్సినవి. సరుకిచ్చిన చిన్నవాళ్లు ఆ కింద, "మిగిలిన అప్పులు" అన్న చోట. అక్కడిదాకా వచ్చేసరికి ఏమీ మిగల్లేదు.

కార్మికుణ్ణి బ్యాంకు పక్కన నిలబెట్టారు కదా అని సంతోషించాం. ఆ 24 నెలలు ఎప్పట్నుంచి వెనక్కో చూసేదాకా ఆ సంతోషం. లిక్విడేషన్ ఆర్డరు రోజు నుంచి వెనక్కి. అంటే 2017 దాకా. మావాళ్లు జీతం లేకుండా పనిచేసింది 2016లో. చేసిన పనంతా గీతకి అవతల పడింది. మూసివేతకి అనుమతి తీసుకోలేదు కాబట్టి జీతాలు నడుస్తూనే ఉన్నట్టు అని యూనియన్ వకీలు వాదించాడు. ఒప్పుకోలేదు.

పీఎఫ్, పింఛను, గ్రాట్యుటీ ఫండ్ల డబ్బు ఈ పంపకంలో కలపకూడదని అదే చట్టం 36వ సెక్షను చెబుతుంది. మంచిదే. మా ఫ్యాక్టరీలో గ్రాట్యుటీకని విడిగా ఫండే పెట్టలేదు. లేని ఫండుని ఎట్లా తీసిపెట్టాలని మొదట పక్కన పడేశారు. దానిమీద మళ్లీ తిరిగారు.

2021లో యంత్రాలు తుక్కు కింద పోయాయి. గంధకం పొయ్యిని గ్యాసుతో కోసి లారీకెత్తుతుంటే నాన్న చూడ్డానికి వెళ్లాడు. ఇంటికొచ్చి కూడా ఏం మాట్లాడలేదు.

అప్పటికి పల్లెలో సగం ఇళ్లకి తాళాలు. ఇటుక బట్టీలకీ, హైదరాబాదు బిల్డింగు పనులకీ పోయారు. నా క్లాసులో హాజరు తీస్తుంటే పేర్లకి పలికేవాళ్లు తగ్గిపోయారు. ఎనిమిదో తరగతిలో మా పల్లె పిల్లలు 11 మంది ఉండాలి, నలుగురే వచ్చేవాళ్లు. ఇంత కాలం రాకపోతే పేరు తీసెయ్యమంటారు. నేను తియ్యలేదు. ఫోన్లు చేశాను, బట్టీల దగ్గరికి వెళ్లాను. ముగ్గురిని తెచ్చి హాస్టల్లో చేర్చాను. పేరు తీసేస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను కదా.

2023లో నాన్న ఖాతాలో గ్రాట్యుటీ పడింది. 1972 చట్టం ప్రకారం ఏడాదంతా పనిచేసేవాడికి ఏడాదికి 15 రోజుల జీతం. సీజనల్ వాడికి సీజనుకి 7 రోజులే. రోజుకి 300. ఏడు మూడొందలు 2,100. పన్నెండు సీజన్లకి 25,200. ఆగిన జీతం పైసా రాలేదు. బ్యాంకు పుస్తకం చూపించి చెబితే నాన్న అడిగాడు:

"ఎన్ని సీజన్లకిచ్చారు?"

"పన్నెండు."

"మిగతా పద్నాలుగు?"

లెక్కల టీచరుని. నోటిలెక్క వచ్చేసింది. 29,400. పెద్ద మొత్తం కాదు. ఇప్పుడు నా నెల జీతం అంతకన్నా ఎక్కువ. నేనిస్తానంటే నాన్నకి కోపం వచ్చింది. "నీ డబ్బు నాకెందుకే. నేను పన్జేసింది ఆళ్లకి" అన్నాడు.

ఇది చదివే విద్యార్థి మిత్రులకి ఒక మాట. మీలో చాలామంది మా నాన్నలాంటివాళ్ల పిల్లలే. దివాలా చట్టం మంచిదా చెడ్డదా అని మీటింగుల్లో మాట్లాడతాం, మాట్లాడాలి కూడా. అయితే ఎంత మంచి వరసలోనైనా నిలబడాలంటే ముందు పేరుండాలి. మనవాళ్ల పేరు కాటా చీటీ మీద లేదు, మస్టరులో లేదు, కౌలు కాగితంలో లేదు. కంపెనీ దివాలా తీసిన రోజున మాయమైన పేర్లు కావవి. కంపెనీ లాభాల్లో ఉన్న రోజుల్లోనే కొట్టేశారు. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మీ అమ్మానాన్నల కూలి చీటీలు, పీఎఫ్ నంబర్లు, కౌలు మాటలు అన్నీ ఒక పుస్తకంలో తేదీలతో రాయండి. పక్కవాళ్లవి కూడా రాయండి.

నేను మొదలుపెట్టాను. మా పల్లె నుంచి ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన కాంట్రాక్టు కూలీలు, నరుకుడు ముఠాల ఆడవాళ్లు, ఇప్పటికి 163 మంది పేర్లు రాశాను. ఎవరే ఖాతాలో, ఎన్ని సీజన్లు, ఏ దొంగపేరు మీద. ఏ కోర్టూ దీన్ని చూడకపోవచ్చు. మొదటి పేరు మా నాన్నది. పేరు ఎదురుగా 26 అని రాశాను.